ఫిల్టర్ డబ్బా మారిస్తే టర్బో కారు ఎగురుతాదా అన్నా?

ఏంన్నా, మీ చిన్నోడు పొద్దున్నించీ కారు బానెట్ ఎత్తిపెట్టుకోనుండాడే, ఏమన్నా రిపేరా? ఓ, అదా సంగతి! కంపెనీ ఫిల్టర్ డబ్బా పీకేసి, కోన్ ఫిల్టర్ తగిలిస్తే పవర్ పెరుగుతాదని బెంగళూరులో ఫ్రెండెవరో చెప్పినాడంటనా? ఎన్ని వేలంట? నేను వద్దనను గానీ, నువ్వు కాస్త గోడ దగ్గరికి రా. దుడ్లు పెట్టేది నువ్వే కదా, నాలుగు మాటలు విను.

టర్బో లేని బండ్లకైతే ఆ మాట రవ్వంత నప్పుతాది. పిస్టన్ కిందికి దిగినప్పుడు లోపలికి ఎంత గాలి వస్తే అంతే వాటికి. దోవలో అడ్డం తగ్గితే అంతో ఇంతో కలిసొస్తాది. టర్బో కత వేరన్నా. సైలెన్సర్‌కి పోవాల్సిన పొగ ఒక చక్రాన్ని తిప్పుతాది. అదే ఇరుసుకి అవతలి కొసన ఉండే ఇంకో చక్రం బయటి గాలిని లాగి, వత్తి, ఇంజన్లోకి తోస్తాది. ఎంత తొయ్యాలనేది మాత్రం ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ చేతిలో ఉండాది. సెన్సర్‌లో ప్రెజర్ చూసుకోని, చాలనుకుంటే వేస్ట్‌గేట్ అనే తలుపు తెరిపించి మిగతా పొగని పక్క దోవన పంపేస్తాది. మన మిద్దె మీద ట్యాంకుకి బాల్ వాల్వు ఉండాది చూడు, అట్లా. పైపు లావుది వేసినా నీళ్లు నిండేది ఆ మట్టం దాకానే గదా.

మీవోడి నెక్సాన్ పెట్రోలు బండికి కంపెనీ చెప్పేది 120 పీఎస్. ఎంత పెద్ద ఫిల్టర్ పెట్టినా ఈసీయూ అడిగే ప్రెజర్ మారదు. కాకపోతే టర్బో కొంచెం తక్కువ కష్టపడతాది, కాలు నొక్కినప్పుడు ఆ ప్రెజర్‌కి రెప్పపాటు ముందు చేరుతాది. అంతకి మించి ఏమీ లేదు.

కంపెనీ ఫిల్టర్ గాలికి పెట్టే అడ్డం మాత్రం ఎంత ఉంటాదనుకున్నావు? బయటి గాలి ప్రెజర్ సుమారు 1000 మిల్లీబార్ అనుకో. శుభ్రంగా ఉండే పేపర్ ఫిల్టరూ, డబ్బా, గొట్టం అన్నీ కలిపి, యాక్సిలేటర్ అడుగంటా నొక్కినప్పుడు గూడా మింగేది మామూలుగా 20, 30 మిల్లీబార్ లోపలే. నూటికి రెండో మూడో. ఫిల్టరే లేకుండా తోలినా మిగిలేది అంతే.

ఆ మాత్రం లోటు టర్బోకి ఒక లెక్క కాదన్నా. మన కుప్పమే సముద్రానికి 700 మీటర్ల దరిదాపు ఎత్తులో ఉండాది. చెన్నైలో ఉండే గాలి కంటే ఈడ గాలి నూటికి ఆరేడు వంతులు పల్చన. టర్బో లేని కారు ఆ మేరకి నీరసపడతాది. చిత్తూరు నించి వస్తా మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు రెండు రకాల బండ్లూ తోలినోడికి ఆ తేడా తెలుస్తాది. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ అనే విమానం ఇంజన్ని లారీ మీద పెట్టుకోని పైక్స్ పీక్ కొండెక్కినాడు. 14,000 అడుగుల పైమాటే ఆ కొండ. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ పైకి పోయేసరికి 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356కి లేచింది. కొండంత లోటు పూడ్చిన యంత్రానికి పేపర్ ఫిల్టర్ పెట్టే అడ్డం ఏపాటి?

లాభం లేకపోతే లేకపాయె, నష్టం రాకుండా ఉంటే చాలనుకుంటామా? అదీ ఉండాది. కంపెనీ వాళ్లు గాలిని లాగేది ఎక్కువగా ముందర గ్రిల్ వైపు నించి, చల్లగాలి వచ్చే తావ నించి. మూత లేని కోన్ ఫిల్టర్ కూర్చునేది బానెట్ కింద, ఇంజన్ సెగలో. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే నూటికి ఒక వంతు పల్చనవుతాది. క్రిష్ణగిరి దోవలో ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 15 డిగ్రీలు ఎక్కడం ఒక పెద్ద విషయమా? ఐదు వంతులు పోయినట్టే. టర్బో తోసిన గాలిని ఇంటర్‌కూలర్ కొంత చల్లబరుస్తాదిలే, కానీ అంతా కాదు. దాంతో మూడు వంతులకి ఆశపడి ఉన్నదాంట్లో కొంత పోగొట్టుకోను పోతావు.

అన్నిటికంటే నాకు భయం దుమ్ము. కుప్పం గ్రీన్ గ్రానైటు అని లోకమంతా పేరు, దాని పిండి మాత్రం మన రోడ్ల మీద. క్వారీ లారీ వెనకాల పది నిమిషాలు పోతే అద్దం మీద బూడిద పూత! చిన్న కార్ల టర్బో చక్రం నిమిషానికి రెండు లక్షల చుట్లు దాకా తిరుగుతాది. సన్నని రాతి పొడి ఆ స్పీడులో తగిలితే రెక్కల అంచులు అరిగిపోతాయి. అది దాటినది సిలిండర్ గోడల్ని గీరుతాది. పాత ట్రాక్టర్లకి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఎందుకు పెట్టినారో దుక్కి దున్నినోళ్లకి ఎవురూ చెప్పాల్సిన పన్లేదు.

నూనె రాసే గుడ్డ ఫిల్టర్లుంటాయి చూడు, వాటికి నూనె జాస్తయితే ఇంకో తంటా. డీజిల్ బండ్లలో గాలి లెక్క చూసే ఎంఏఎఫ్ సెన్సర్ మీద ఆ నూనె పేరుకుంటే లెక్క తప్పుతాది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతాది. అప్పుడు షోరూముకి పోతే వారంటీ అడగను నోరు రాదు.

మరి పెట్టుకున్నోళ్లంతా బండి ఎగరతా ఉండాదంటారే అంటావా? మోతన్నా, మోత! కంపెనీ డబ్బా అణిచిపెట్టిన ఈల బయటపడతాది. కాలు తీసినప్పుడల్లా చుస్సుమంటాది. చెవికి స్పీడుగా తోస్తాది, అంతే. ఆ ఈల మీద సరదా ఉంటే కొనుక్కోనీ, తప్పు లేదు. పవర్ అని చెప్పి కొననీయొద్దు.

ఈసీయూ రీమ్యాప్ చేసి, పెద్ద టర్బో పెట్టి, గాలి బాగా ఎక్కువ లాగించే బండ్లకైతే నిజంగానే పెద్ద ఇన్‌టేక్ కావాలి. అప్పుడు కంపెనీ డబ్బా ఇరుకవుతాది. రేసుల కోసం చేసే పనులు అవి. మీవోడికి అంతగా అనుమానముంటే పవర్ కొలిచే డైనో మిషన్ మీద ఒకేరోజు, అదే బండి, అదే పెట్రోలుతో, మార్చకముందు ఒకసారి, మార్చినాక ఒకసారి చూపించమను. కాయితం మీద తేడా కనిపిస్తే నేనే ఒప్పుకుంటా.

లేకుంటే ఆ దుడ్లలో కొంచెంతోనే కొత్త పేపర్ ఫిల్టర్ వస్తాది. మన దుమ్ముకి బుక్కులో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే మార్చాలి. పాతదాన్ని కంప్రెసర్ గాలితో ఊదించొద్దు, పేపర్‌కి చిల్లులు పడతాయి. మార్చేటప్పుడు ఫిల్టర్ అవతల టర్బోకి పోయే గొట్టంలో తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూడమను. గుడ్డ తెల్లగా వస్తే సరే. బూడిద అంటిందంటే యాడో సీలు సరిగ్గా కూర్చోలేదని అర్థం.

ఇంత చెప్పినా వినకుండా ఆ కోన్ ఫిల్టరే పెట్టించుకుంటే, పీకిన డబ్బాని మాత్రం పాత ఇనుము వాడికి ఎయ్యనీయొద్దన్నా. అటక మీద పెట్టు. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.