నాలుగు పంక్తులకు ఒక గోడ

పుస్తకంలో చిన్న కవిత ఎదురైతే కన్ను దాని మీంచి ఇట్టే జారిపోతుంది. అదే కవితను తెల్లకాగితం మీద చేత్తో రాసి, చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి, పటం కట్టి గోడకు తగిలించండి. ఇంటికొచ్చినవాళ్లు దాని ముందు ఆగుతారు. ఓసారి చదివి, అడుగు వెనక్కి వేసి మళ్లీ చదువుతారు. సొంత అనుభవంలోంచి పుట్టిన నాలుగు పంక్తులకు అంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది?

పద్యాన్ని కంటితో కూడా చదివించడం మనకు కొత్త కాదు. మన బంధకవులు పద్యాలను పద్మంగా, చక్రంగా, నాగుపాముగా కూర్చారు. గణపవరపు వేంకటకవి ‘ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసం’ ఇలాంటి బంధాలకు పెట్టింది పేరు. పద్మబంధంలో నడుమ ఉన్న అక్షరం ఒక్కటే. రేకు మారినప్పుడల్లా చదివేవాడు మళ్లీ దాని దగ్గరికే రావాలి. ఎంత పాండిత్యం! కానీ అక్కడ బొమ్మ ముందు, మాట తర్వాత. మనసులోని దిగులు చెప్పుకునే కవితకు ఆ చట్రం బిగుతు.

దానికి రవీంద్రుడి ‘లేఖన్’ దగ్గరి దారి చూపిస్తుంది. చైనా, జపాన్‌లలో అభిమానులు విసనకర్రల మీద, పట్టుగుడ్డల మీద ఏదైనా రాసిమ్మని అడిగితే రాసిచ్చిన చిట్టి కవితలతో మొదలైన పుస్తకం అది. 1926 నవంబరులో హంగరీలోని బాలాతోన్‌ఫ్యూరెద్‌లో ఉండగా దానికి ముందుమాట రాశారు. బెంగాలీ, ఇంగ్లిషు కవితలు రెండింటినీ అచ్చక్షరాల్లో కూర్చకుండా, ఆయన దస్తూరీలోనే ఉన్నవున్నట్టు అచ్చువేశారు. అందులో కవిత ఎంత ఉందో, రాసిన చెయ్యీ అంతే ఉంది.

మరి పక్కన బొమ్మ వేయాలంటే? జపాన్‌లో హైకూ పక్కన వేసే బొమ్మను హైగా అంటారు. కవీ చిత్రకారుడూ అయిన బుసొన్ అందులో ఘనుడు. మంచి హైగాలో బొమ్మ, కవిత చెప్పిందాన్నే తిరిగి చెప్పదు. అమ్మ పోయాక ఇంటి గురించి నాలుగు మాటలు రాసుకున్నామనుకోండి. పక్కన అమ్మ ముఖం గీస్తే చదివేవాళ్లు ఊహించుకోవడానికి ఇంకేమీ మిగలదు. వంటింటి గోడకు ఆనించిన ముక్కాలిపీట ఒక్కటి గీసి వదిలేస్తే మిగతాది వాళ్లే పూరించుకుంటారు. ప్రతి కవిత వెనకా ఒక గులాబీనో, సూర్యాస్తమయాన్నో పరిచేస్తే కవితకు ఊపిరాడదు.

ఈ పనికి మన లిపి ఎంతో అనువైనది. తలకట్టు పైకి లేస్తుంది, గుడి గుండ్రంగా తిరుగుతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. అందుకే పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం బాగా ఉండాలి; లేకపోతే పైపంక్తి ఒత్తు వచ్చి కిందిపంక్తి గుడిని గుద్దుకుంటుంది. ఎన్.గోపి నానీలు నాలుగు పాదాల్లో, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాల్లో ముగుస్తాయి. అంత చిన్న కవితను అరఠావు కాగితం మీద రాసినా ముప్పాతిక భాగం ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని నింపాలని చూడకండి, పాదాలను కవి విరిచిన చోటే విరవండి.

బాపు దస్తూరీ ఫాంటుగా మారి శుభలేఖల దాకా వచ్చింది. ఆ అక్షరాలంటే నాకు ప్రాణం. అయినా మీ కవితను మీ చేత్తోనే రాయండి. అక్షరం కాస్త వంకరపోయినా ఫర్వాలేదు, అది మీ కవిత అని చెప్పేది ఆ వంకరే. డైరీలో మూలుగుతున్న నాలుగు పంక్తులు మీ దగ్గరా ఉండే ఉంటాయి. ఒక మంచి కాగితం, ఒక నల్లసిరా పెన్ను తెచ్చుకుని ఈ ఆదివారం వాటిని గోడకెక్కించండి.