అవ్వ ఆగిన ఆరు సెకన్లు

మన క్యాంపస్‌లో ఏ ఫెస్ట్ వచ్చినా "వీడియో ఎవరు ఎడిట్ చేస్తారు?" అని అడుగుతారు గానీ, ఆడియో సంగతి ఎవరూ అడగరు. సౌండ్‌ని విడదీసి, ఆడాసిటీలో క్లీన్ చేసి, మళ్లీ వీడియో కింద పెడితే అయిపోతుంది అనుకుంటాం. చిక్కంతా అక్కడే. మధ్యలో ఎవరో దగ్గారని ఆ ముక్క డిలీట్ చేస్తే, తర్వాతి మాటలన్నీ ముందుకి జరుగుతాయి. వీడియో జరగదు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో రెండు సెకన్లు తీస్తే 60 ఫ్రేముల తేడా. పెదవి కదలకముందే మాట వినిపిస్తుంది.

ఎంత తేడా వస్తే మనకి తెలుస్తుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం, మాట ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాం. ఆలస్యంగా వస్తే సుమారు 125 దాకా గమనించం. దూరంగా ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే దెబ్బ కనిపించాకే చప్పుడు వినిపిస్తుంది కదా. ముందే వినిపించడం మన అనుభవంలో లేదు.

సాహిత్యం వాళ్లకి కూడా ఈ లెక్క కొత్త కాదు. 1950లో వచ్చిన 'ఆహుతి' తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా అంటారు. హిందీ 'నీరా ఔర్ నందా'కి తెలుగులో మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిన సంవత్సరం కూడా అదే. ప, బ, మ పలకాలంటే పెదాలు మూతపడాలి. తెర మీద పెదాలు మూసిన చోట క, త పెడితే దొరికిపోతాం. నటుడి నోరు ఆగేసరికి వాక్యం కూడా ఆగాలి. అంటే బొమ్మే ఛందస్సు.

ఇదంతా నాకు నిజంగా అవసరమైంది మా అవ్వ వీడియో దగ్గర. అవ్వది తాళ్లప్రొద్దుటూరు, 2020లో గండికోట రిజర్వాయర్ నీళ్లలో మునిగిన ఊరు. ఇప్పుడు జమ్మలమడుగులో ఉంటోంది. సెలవల్లో ఊరి గురించి చెప్పమని ఫోన్ ఎదురుగా పెట్టాను.

"ఆడ మా ఇంటి ముందర యాపమాను ఉండె నాయనా" అంది. ఆగింది. ఆరు సెకన్లు. తర్వాత, "ఇప్పుడు దాని మింద చేపలు తిరుగుతాంటాయి" అంది.

ఆ ఆరు సెకన్ల మధ్యలో బయట ఆటో హారన్ మోగింది.

"ఆ గ్యాప్ రెండిట్లోనూ లేపేయ్ రా, సింక్ పోదు, రీల్‌కి సరిపోతుంది" అన్నాడు రూమ్మేట్. టెక్నికల్‌గా కరెక్టే. కానీ అప్పుడు అవ్వ ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పినట్టు ఉంటుంది. ఆమె అలా చెప్పలేదు. చెప్పలేకపోయింది.

డిలీట్‌కి బదులు 'సైలెన్స్' కమాండ్ ఇస్తే పొడవు తగ్గదు. కానీ ఫ్యాన్ హోరు కూడా పోయి, ఫోన్ కాల్ కట్ అయినట్టు వినిపిస్తుంది. అందుకే అవ్వ మొదలుపెట్టకముందు రికార్డయిన ఖాళీ గది చప్పుడు, ఉత్త ఫ్యాన్ శబ్దం, హారన్ ఉన్నంత పొడవే కాపీ చేసి దాని మీద పెట్టాను. పెదవీ మాటా తప్పలేదు. అవ్వ ఎంతసేపు ఆగిందో అంతసేపూ ఆగింది.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ అవ్వాతాతల్ని కూడా రికార్డ్ చెయ్యండి. మాట్లాడించే ముందు అర నిమిషం అందరూ ఊరకుండి, ఆ గదిని కూడా రికార్డ్ చేసుకోండి. తర్వాత పనికొస్తుంది.