గాజు బీరువాలోని చదువు

1879లో మనీలాలో జరిగిన కవితల పోటీలో పద్దెనిమిదేళ్ల విద్యార్థి హోసే రిజాల్, ఫిలిప్పీన్స్ యువతను మాతృభూమి ఆశగా కీర్తించి బహుమతి పొందాడు. ఆ ఆశ తరగతి గదిలో ఏమవుతుందో అతడెరుగును. 1891 నాటి అతని నవల 'ఎల్ ఫిలిబుస్టరిస్మో'లో భౌతికశాస్త్ర పరికరాలు గాజు బీరువాలలో మెరుస్తుంటాయి. విద్యార్థుల చేతికి మాత్రం అందవు. వల్లె వేయడమే విద్య. అధ్యాపకుడు చేసిన అవమానాన్ని సహించలేక ప్లాసిదో అనే విద్యార్థి తరగతి విడిచిపోతాడు.

1896 డిసెంబరు 30న స్పానిష్ పాలకులు రిజాల్‌ను కాల్చి చంపించారు. స్వతంత్ర ఫిలిప్పీన్స్ 1956లో అతని నవలలను చట్టం ద్వారా పాఠ్యాంశాలుగా చేసింది. సముచితమైన గౌరవమే. అయితే ఆ నవలలనూ వల్లె వేయిస్తే, ప్లాసిదో మళ్లీ లేచి వెళ్లిపోవలసిందే.