లెక్క వినేది ఎవరు?



లెక్క అడగడమంటే అనుమానించడమే అని మనలో చాలామంది అనుకుంటారు. సంఘంలోనైతే ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "దేవుని పనిలో లెక్కలేమిటి అయ్యగారూ, పైనున్న ఆయన చూస్తూనే ఉన్నాడు కదా?" ఆయన చూస్తున్నాడు, నిజమే. అయితే ఆయన వాక్యం లెక్కను ఎక్కడా తక్కువ చేయలేదు.

రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం తీసి చూడండి. కానుకల డబ్బుతో మందిరాన్ని బాగుచేయించమని యోవాషు రాజు యాజకులకు అప్పజెప్పాడు. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా పగుళ్లు పగుళ్లుగానే ఉన్నాయి. రాజు కోప్పడి ఊరుకోలేదు, పద్ధతి మార్చాడు. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫున లేఖరి, మందిరం తరఫున ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవారు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్మును ఒంటరిగా మోయలేదు. దేవుని ముందే కాదు, మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని తోడుగా మరికొందరిని పెట్టుకున్నాడు (2 కొరింథీ 8).

ఈ రెండు చోట్లా చూసింది డబ్బు దారిని. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఇంకో అడుగు లోపలికి వెళ్తుంది. యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు రోజూ భోజనం పంచుతున్నారు. ఆహారం ఉంది, పంచే చేతులు ఉన్నాయి. పైనుంచి చూస్తే అంతా బాగానే నడుస్తోంది. కానీ గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు మాత్రం సరిగ్గా అందడం లేదు. ఈ సంగతి రిజిస్టరులో దొరకలేదు, సణుగుడులో దొరికింది. అపొస్తలులు ఆ నోళ్లు మూయించలేదు. సంఘమంతటినీ కూర్చోబెట్టారు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు దాకా ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అందలేదో, వారి మాట తెలిసినవారి చేతికే పంపకం వచ్చింది.

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా నేను చూసింది కరువు పని తనిఖీ. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. అప్పటి మన ఉమ్మడి ఖమ్మం జిల్లా తొలి విడత 200 జిల్లాల్లో ఒకటి. పనుల మీద గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. దీని విత్తనం రాజస్థాన్‌ది. 1994 నుంచి అక్కడి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు ఊరి మధ్య టెంటు వేసి, పనుల బిల్లులు, మస్టర్లు అందరికీ వినపడేలా చదివేవారు. మన రాష్ట్రం ఆ పద్ధతిని ప్రభుత్వం లోపలికే తెచ్చుకుంది. మొదట గ్రామీణాభివృద్ధి శాఖలోనే నడిపి, పని చేయించే చెయ్యీ తనిఖీ చేసే చెయ్యీ ఒకటి కాకూడదని 2009లో దానికి వేరే సొసైటీ పెట్టింది.

కూలీల ఇళ్లలో నాలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టర్లు చేతబట్టి గడప గడపకూ వెళ్లి అడుగుతారు. "నీ పేరు మీద ఇన్ని రోజులు రాసి ఉంది. చేశావా? డబ్బు ముట్టిందా?" టేపు పట్టుకొని కందకాలు, చెరువు కట్టలు కొలుస్తారు. తేలింది గ్రామసభలో చదువుతారు. ఆ తరువాత మండలంలో బహిరంగ విచారణ జరుగుతుంది.

చాలా ఏళ్ల కిందట, సెమినరీ ముగించుకొని వచ్చిన కొత్తలో, వేరే మండలంలో సేవ చేస్తుండగా అలాంటి గ్రామసభలో కూర్చున్నాను. పేర్లు తెలుగులో చదువుతున్నారు. ఒక కోయ అవ్వ పేరు వచ్చింది. మే నెలలో రెండు వారాలు కందకం పని చేసి, కూలి తీసుకున్నట్టు ఉంది. అవ్వ ఏమీ అనలేదు. చదివే అబ్బాయి తరువాతి పేరుకు వెళ్లిపోబోయాడు. అప్పుడు తనిఖీకి వచ్చిన అమ్మాయి ఒకామె ఆగమని, అదే లైను కోయలో చెప్పింది. అవ్వ లేచి నిలబడింది. ఆ రోజుల్లో గూడెమంతా అడవిలో తునికాకు కోసుకుంటోంది, 50 ఆకుల కట్టలు కట్టి కల్లానికి మోసుకుంటోంది. పలుగు పట్టింది ఎవరు, డబ్బు తీసుకుంది ఎవరు అని అడిగింది. పాస్‌బుక్ కూడా తన దగ్గర లేదంది. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. కూడికలు సరిపోయాయి, వేలిముద్ర ఉంది. ఆ లెక్క అబద్ధమని చెప్పగలిగింది ఆ అవ్వ ఒక్కతే. అదీ ఆమె మాటలో వినిపించాకే.

ఆ రాత్రి మస్టరు రాసిన ఇంటివాళ్లు నా దగ్గరికి వచ్చారు. వాళ్లూ మన విశ్వాసులే. "అయ్యగారూ, అవ్వ మీ మాట కాదనదు. డబ్బు ముట్టిందని విచారణలో చెప్పమనండి, పిల్లలుగలవాళ్లం" అన్నారు. వాళ్ల కన్నీళ్లు నిజమైనవే. కాపరికి ఇద్దరూ మందలోని వారే. "మీతో కలిసి ప్రార్థన చేస్తాను, మండలానికి కూడా వస్తాను. అవ్వ దగ్గరికి మాత్రం వెళ్లను. ఆమె సొమ్ము ముందు ఆమెకు ఇవ్వండి" అన్నాను. కొన్ని నెలలు వాళ్లు ఆరాధనకు రాలేదు. విచారణలో అవ్వ మాట మార్చలేదు. సగం డబ్బు తిరిగి వచ్చింది.

మిగతా సగం సంగతి మన ఒక్క ఊరి కథ కాదు. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశోధించిన ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఇవర్సన్ రెండు సంగతులు చూపించారు. సులువుగా పట్టుబడే కూలి డబ్బుల తప్పులు తగ్గితే, పట్టుకోవడం కష్టమైన సామగ్రి తప్పులు పెరిగాయి. తేలిన సొమ్ములో ఎక్కువ భాగం వసూలు కాలేదు. అంటే కనిపెట్టడం ఒక పని, సరిచేయడం ఇంకో పని. మొదటిది చేసి రెండోది మానేస్తే, ధైర్యం చేసి లేచి నిలబడినవాళ్లు మరోసారి లేవరు.

ఇప్పుడు మన గుప్పెడు బియ్యం పరిచర్య సంగతికి వస్తాను. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి కుండలో వేసి, ఆదివారం తెచ్చే తల్లులు మీరు. కోశాధికారి పుస్తకం చూశాను, శుభ్రంగా ఉంది. ఎన్ని కిలోలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, అన్నీ ఉన్నాయి. కానీ ఆ పుస్తకం చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి. వాగు పొంగిన వారాల్లో అవతలి గూడెం అవ్వకు బియ్యం చేరాయా? తునికాకు రోజుల్లో ఆదివారం రాలేనివారి వంతు ఏమైంది? అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నవారు ఎవరైనా ఉన్నారా? వీటికి జవాబు పుచ్చుకునేవారి దగ్గరే ఉంది.

అందుకే కమిటీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాను. లెక్క గుడిలో ఒక్కసారి చదివి ఊరుకోకుండా ప్రతి గూడెంలో, కోయలో చదవాలి. పంచేవారు కాకుండా వేరే గూడెం యవనస్థులు ఇంటింటికీ వెళ్లి అడగాలి. ఆ సమయంలో నేను అక్కడ ఉండకూడదు, ఎందుకంటే పాస్టరు ఎదురుగా కూర్చుంటే "నాకు అందలేదు" అనే మాట మన వాళ్ల నోట రాదు. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరైనా అందలేదని చెబితే, "అలా ఎందుకన్నావు" అని అడగడానికి ఎవరూ వాళ్ల గడప తొక్కకూడదు. నెలలోపు సరిచేసి, ఆ సంగతి అదే గూడెంలో చెప్పాలి.

యోవాషు కథలో పనివారికి డబ్బు ఇచ్చినవారిని లెక్క అడగలేదని, వాళ్లు నమ్మకస్థులని రాసి ఉందని కొందరు గుర్తుచేస్తారు. అవును, రాసి ఉంది. ఆ మాట పెట్టె పెట్టాక, ఇద్దరు కలిసి లెక్కపెట్టడం మొదలయ్యాక వచ్చింది. లెక్క నమ్మకాన్ని తీసేయలేదు. నమ్మకానికి కాళ్లిచ్చింది. యెరూషలేములో కూడా పంపకం సరిచేశాకే వాక్యం ఇంకా వ్యాపించిందని, శిష్యుల సంఖ్య పెరిగిందని లూకా రాశాడు.

మీ గూడెంలో తెలుగు చదివి కోయలో చక్కగా చెప్పగల పిల్లలుంటే, వచ్చే ఆదివారానికి వాళ్ల పేర్లు సంఘ కార్యదర్శికి ఇవ్వండి. ఆడపిల్లలైతే మరీ మంచిది, అవ్వలు వాళ్లతో మనసు విప్పుతారు.

అందరికీ వడ్డించి, అందనివారి వైపు చూసే ప్రభువు మన పరిచర్యను పరిశీలించి బాగుచేయును గాక. ఆమేన్.