ఎదురుచూపు లేని యుద్ధకథ

ప్రేమకును కర్తవ్యమునకును నడుమ నలిగిన సైనికుని కథ యనగానే ఎవరి హృదయము కరగదు? అట్టి యాశతోనే మొన్న మా యింట, 2001లో విడుదలయైన 'పెర్ల్ హార్బర్' అను అమెరికా చలనచిత్రమును చూడ మొదలిడితిమి. మా మేనత్తగారును వచ్చి కూర్చుండిరి. 1971 యుద్ధమున భర్త సరిహద్దున నుండగా, రెండు మాసములు జాబు రాక, తపాలా బంట్రోతు అడుగుల చప్పుడునకు చెవియొగ్గి బ్రదికిన యామె.

కథ యిది. రేఫ్, డానీ యను వైమానికులు బాల్యమిత్రులు. రేఫ్ తన ప్రియురాలగు ఎవలిన్ అను నర్సును విడిచి, ఇంగ్లండు పక్షమున పోరుటకు పోవును. అతడు మరణించెనని వార్త వచ్చును. కొలదిమాసములకే యామె డానీకి మనసిచ్చును. అంతలో రేఫ్ సజీవుడై తిరిగివచ్చును. పిమ్మట 1941 డిసెంబరు 7వ తేదీని జపాను విమానములు హవాయిలోని యారేవుపై విరుచుకొనిపడును.

మూడు గంటల యీ చిత్రమున మంటలును మ్రోతలును ఘనముగనే యున్నవి. కాని 2,400 మందికి పైగా మడిసిన యా ఘోరదినము, ఆ చిన్నది యెవరికి దక్కునను తగవునకు నేపథ్యమై మిగిలినది. కర్తవ్యము మాటలలోనే గాని మనసులలో కానరాలేదు.

మా మనసును తాకినది యొక్క ఘట్టమే. ఆసుపత్రి కిటకిటలాడుచుండగా ఎవలిన్ పెదవిరంగుతో క్షతగాత్రుల నొసళ్లపై గుర్తులు పెట్టును. అదియు కొన్ని నిమిషములే. నిజముగా నాడు హికామ్ వైమానిక స్థావరపు ఆసుపత్రిలో ప్రధాన నర్సుగా నుండిన ఆనీ ఫాక్స్, బాంబులు పడుచుండగనే చెదరక పనిచేసి, 1942లో 'పర్పుల్ హార్ట్' పతకమును పొందెను. అట్టి స్త్రీల చరిత్ర చేతనుండగా, ప్రేమకలహమునకే యింత వ్యయమేల?

చిత్రము ముగియకమునుపే మా మేనత్తగారు లేచి, పెరటిలోనికి పోయి, ఆరిన బట్టలు తీయసాగిరి.

"బాగులేదా, అత్తయ్యా?" యని యడిగితిమి.

"అతడు పోయాడని తెలిశాక ఆ పిల్ల తెల్లవార్లూ ఎలా గడిపిందో చూద్దామని కూర్చున్నానమ్మా. ఆ రోజులే వాళ్లు దాటేశారు" అనిరి.

మేము మరల లోనికి పోలేదు. ఆమెతో కూడ బట్టలు మడచుచు, ఇన్నేండ్లకు మొదటిసారిగా, జాబు రాని యా రెండుమాసముల సంగతి యడిగితిమి. చీకటి పడువరకు చెప్పిరి. సోదరీమణులారా, మీ యిండ్లలోను అట్టివారుండవచ్చును. ఒక్కమారు అడిగి చూడుడు.