దేవుడిచ్చిన ముఖము, వరుసైన పళ్లు

మా పెద్దమ్మాయి పళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి, గుడిలో నోరు తెరచి పాడుటకు కూడ సిగ్గుపడేది. నాలుగు పళ్లు తీయిస్తే పెదవులు లోనికిపోయి ముఖమే మారుతుందేమోనని మేము భయపడి ప్రార్థించాము.

దంతవైద్యురాలు ఎక్స్‌రేలు చూచి, ఈమెకు పళ్లు తీయనక్కరలేదన్నారు. పళ్ల వరుసను కొంచెము వెడల్పుచేసి, పంటికీ పంటికీ మధ్య అర మిల్లీమీటరు మించకుండా అరగదీసి చోటు కల్పించారు. అలైనర్లనే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు రోజుకు 22 గంటలు ఉంచుకొని, తినేటప్పుడు, పళ్లు తోముకొనేటప్పుడు మాత్రమే తీసేది. రెండు వారములకొక కొత్త జత. రెండేళ్ల ఓర్పు ఫలించింది. ముఖము మారలేదు, పళ్లు వరుసలోకి వచ్చాయి. అవి మళ్లీ కదలకుండా రాత్రులు రిటైనరు పెట్టుకుంటోంది.

కొందరికి పళ్లు తీయించుటే మేలు. అది వైద్యులే తేల్చాలి. తల్లిదండ్రులారా, బిడ్డల పళ్లను ఎవరినీ ఎగతాళి చేయనీయక, 7వ ఏటనే ఒకసారి చూపించండి. వైద్యుల చేతి నైపుణ్యము కూడ దేవుడిచ్చిన వరమే.