గోడ దాటుతున్న హంసపాది

వదినగారూ, ఆ గిన్నె కాస్త పక్కన పెట్టి ఇటు రండి. మన గోడకి, పంపు నీళ్లు చిందే చోట పచ్చగా వేలాడుతోందే, అది పిచ్చిమొక్క కాదండీ. రేపు సున్నం వేయించేటప్పుడు గీకించేస్తారేమోనని పిలిచాను. హంసపాది అది!

కాడ చూడండి, నల్లగా నిగనిగలాడుతూ గుర్రపు వెంట్రుకలా ఎంత సన్నగా ఉందో. దానికి అటొకటి ఇటొకటి అర్ధచంద్రాల్లాంటి ఆకులు. ఒకటి తిరగేయండి. అంచు లోపలికి మడిచి గోధుమరంగు దారంతో కుట్టినట్టు లేదూ? పువ్వూ కాయా లేని ఫెర్న్ కదా, ఆ మడత కిందే దాని సిద్ధబీజాలు. నీళ్లు చిలకరించండి, చుక్కలు జారిపోతాయి గాని ఆకు తడవదు. నర్సరీలో విసనకర్రల్లాంటి చిట్టి ఆకులతో గుబురుగా అమ్మేది దీని చుట్టమే, కాకపోతే ఎక్కువగా దక్షిణ అమెరికా రకం. ఇది మన తూర్పు కనుమల్లో చెట్ల నీడన, వానలకు తడిసిన గట్ల మీద మొలిచేది.

నాలుగేళ్ల కిందట నేనూ ఓ కుండీలో పెంచాను. సంక్రాంతి వెళ్లాక ఆకులన్నీ ఎండిపోయాయి. చచ్చిపోయిందనుకుని మట్టితో సహా జామచెట్టు కింద పారబోశాను. జూన్‌లో రెండు వానలు పడ్డాయో లేదో, ఆ మట్టిలోంచే నత్తగుల్లల్లా చుట్టుకున్న చిగుళ్లు లేచాయి! ప్రాణం లేచొచ్చిందనుకోండి. అందుకే చెబుతున్నా, వేసవిలో ఎండితే పారేయకండి. దుంప మట్టిలో నిద్రపోతుంది. కుండీని నీడకు జరిపి, మట్టి మరీ పొడిబారకుండా అప్పుడప్పుడు కాసిని నీళ్లు చల్లితే చాలు.

కుండీ అడుగున ఇటుక ముక్కలు, పైన ఎర్రమట్టిలో చివికిన ఆకులు సగానికి సగం కలపండి. నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకు మాడుతుంది. మీ తులసికోట వెనక నీడ దీనికి సరిగ్గా సరిపోతుంది.

కొండకెళ్లినప్పుడు మాత్రం పీక్కురాకండి, వదినగారూ. అక్కడ దాన్ని ఉండనివ్వాలి. అంత అవసరమూ లేదు. ఈ ఆకు కొస చూశారా, తోకలా సాగింది? మట్టి తగిలిన చోట వేరు వేసి పిల్లను పెడుతుంది. అలా ఒక్కో అడుగే వేసుకుంటూ పోతుంది. ఇది మీ వైపే వంగింది కూడాను.

చిన్న కుండీలో మట్టి నింపి ఇలా గోడ మీద పెట్టండి. ఈ కొసను ఆనించి పైన గులకరాయి పెడతాను. వేళ్లు పట్టాక కోసుకుందురుగాని.